శనివారం బడి

1958లో షికాగో నగరం దక్షిణ భాగంలో పెరుగుతున్న 15 ఏళ్ల కుర్రాడికి ఒక కంపెనీలో రాత్రి కాపలా పని దొరికింది. కొత్తగా తెచ్చిన కంప్యూటర్‌ని తెల్లవార్లూ కనిపెట్టుకుని ఉండాలి, ఎవరూ లోపలికి చొరబడకుండా చూడాలి. ఒకటే షరతు, యంత్రాన్ని మాత్రం ముట్టుకోకూడదు. క్లారెన్స్ ఎల్లిస్ అనే ఆ నల్లజాతి కుర్రాడు యంత్రం జోలికి పోలేదు. దాని తాలూకు మాన్యువల్స్ చదవొద్దని ఎవరూ అనలేదు కాబట్టి వాటిని ఒక్కొక్కటే ముందేసుకుని చదివాడు. ఆ రోజుల్లో కంప్యూటర్‌కి ఏం చెప్పాలన్నా పంచ్ కార్డుల మీద చిల్లులు పొడిచి చెప్పాల్సిందే. ఒకసారి చిల్లులు పడ్డ కార్డు ఇక పనికిరాదు. ఒకనాడు అర్జెంటు పని మధ్యలో ఆ కంపెనీలో కొత్త కార్డులు అయిపోయాయి. ఏం చేయాలో ఎవరికీ పాలుపోని వేళ, వాడేసిన కార్డుల్నే మళ్లీ వాడుకునే ఉపాయం చెప్పింది ఈ కాపలా కుర్రాడే.

తర్వాత ఎల్లిస్ విస్కాన్సిన్‌లోని బెలాయిట్ కాలేజీలో చేరాడు. ఆ కాలేజీకి ఎవరో కంప్యూటర్ దానం చేస్తే, కెమిస్ట్రీ ప్రొఫెసర్‌తో కలిసి దాన్ని బిగించి నడిపించిందీ అతనే. 1969లో ఇల్లినాయ్ యూనివర్సిటీ నుంచి కంప్యూటర్ సైన్స్‌లో పీహెచ్‌డీ పొందాడు. అమెరికాలో ఆ సబ్జెక్టులో డాక్టరేట్ అందుకున్న తొలి నల్లజాతీయుడు ఆయనే.

పట్టుదల ఉంటే ఏదైనా సాధించవచ్చు అనడానికి ఈ కథ చెబుతుంటారు. పట్టుదల నిజమే. కానీ మాకు ఇందులో కనిపించి మనసు కలుక్కుమనిపించేది మరొకటి. ఆ కుర్రాడికి ఆ కాపలా పని దొరక్కపోయి ఉంటే? మాన్యువల్స్‌ని ఏ బీరువాలోనో పెట్టి తాళం వేసి ఉంటే? అంత తెలివైన పిల్లవాడికి కంప్యూటర్ పరిచయమవడం అదృష్టం మీద ఆధారపడింది. అదే వీధిలో, అదే తెలివితో, ఆ అదృష్టం లేక ఎంతమంది పిల్లలు ఏమైపోయారో ఎవరూ లెక్క రాయలేదు.

ఈ అదృష్టాన్ని నమ్ముకుని కూర్చోకూడదని గట్టిగా అనుకున్నవాళ్లు 1975లో ఫిలడెల్ఫియాలో కలిశారు. ఎర్ల్ పేస్, డేవిడ్ వింబర్లీ అనే ఇద్దరు నల్లజాతి కంప్యూటర్ ఉద్యోగులు. తమవాళ్లను ఈ రంగంలోకి తీసుకునేదే తక్కువ, తీసుకున్నా పైస్థాయికి రానివ్వడం లేదు, ఆ పోస్టులకు తగ్గ తయారీ కూడా తమవాళ్లకు దొరకడం లేదు. ఇదీ వాళ్ల బాధ. 35 మందితో బ్లాక్ డేటా ప్రాసెసింగ్ అసోసియేట్స్ అనే సంఘం మొదలుపెట్టారు. ఇప్పుడు దాన్ని అందరూ బీడీపీఏ అనే అంటారు. పని నేర్పే ప్రసంగాలు ఏర్పాటు చేయడం, ఎక్కడ ఉద్యోగం ఖాళీ ఉందో నలుగురికీ తెలియజేయడం, మొదట్లో ఇంతే వాళ్లు చేసింది. చిన్న పనిలా కనిపిస్తుంది గానీ, ఖాళీ ఉందన్న కబురే చేరని చోట అది పెద్ద పని. అర్ధశతాబ్దం గడిచింది. దేశంలోని అనేక నగరాల్లో ఇవాళ దానికి శాఖలున్నాయి.

సంఘాలు పుట్టడం, సొంత సభ్యుల బాగోగులు చూసుకోవడం ఎక్కడైనా ఉన్నదే. ఈ సంఘం గురించి మేం ప్రత్యేకంగా రాయడానికి కారణం 1986లో అది చేసిన పని. వాషింగ్టన్ శాఖకు చెందిన జెస్సీ బెమ్లీ చొరవతో ఆ ఏడాది హైస్కూల్ పిల్లలకు కంప్యూటర్ పోటీలు మొదలయ్యాయి. పోటీ అనేది పిల్లల్ని రప్పించడానికి ఒక పిలుపు. అసలు సంగతంతా దానికి ముందు వారాల తరబడి జరిగే తరగతుల్లో ఉంది. వారమంతా బ్యాంకుల్లో, ఇన్సూరెన్స్ కంపెనీల్లో, ప్రభుత్వ ఆఫీసుల్లో కోడ్ రాసి అలసిపోయిన ఉద్యోగులు వారాంతంలో తమ ఊరి పిల్లల్ని కూర్చోబెట్టి ప్రోగ్రామింగ్, డేటాబేస్, వెబ్‌సైట్ల తయారీ నేర్పుతారు. పైసా జీతం ఉండదు. వేసవిలో సంఘం జాతీయ సమావేశం జరిగే చోటికి ఊరికో జట్టు చొప్పున పిల్లలు వస్తారు. జట్టుకు ఐదుగురు. ఇచ్చిన సమస్యకు గడువులోగా పనిచేసే ప్రోగ్రామ్ రాసి చూపించాలి. గెలిచినవారికి స్కాలర్‌షిప్‌లు.

ఇలాంటి తరగతిలో జరిగేది పాఠ్యపుస్తకంలో ఉండదు. 15 ఏళ్ల పిల్ల రాసిన ప్రోగ్రామ్ నడవదు. స్క్రీన్ మీద ఎర్ర అక్షరాలు. గంట నుంచీ తిప్పలు పడుతోంది, కళ్లలో నీళ్లు తిరిగేలా ఉన్నాయి, ఇది నావల్ల అయ్యేది కాదు అని కుర్చీ వెనక్కి జరిపేసింది. పక్కన కూర్చున్న ఉద్యోగికి తప్పెక్కడుందో ఎప్పుడో కనబడింది. పదిహేడో లైను చివర సెమికోలన్ పడలేదు. కానీ చెప్పడు. "పైనుంచి ఒక్కో లైనూ నాకు చదివి వినిపించు" అంటాడు. పిల్ల చదువుతూ చదువుతూ పదిహేడో లైను దగ్గర ఆగుతుంది. అప్పుడు ఆ ఉద్యోగి, నిన్న ఆఫీసులో ఇలాంటి తప్పే వెతకడానికి తనకు సగం రోజు పట్టిందని చెబుతాడు. కోడ్ రాసేవాళ్లందరికీ ఇలాంటి రోజులు తెలుసు. ఆ పిల్లకు మాత్రం తెలియదు. తప్పులు రావడం తనకు తెలివి తక్కువై కాదని, ఈ పని తీరే అంత అని, తనలాంటి ఒంటిరంగు ఉన్న మనిషి, ఆ పనితోనే ఇల్లు గడుపుకుంటున్న మనిషి ఎదురుగా కూర్చుని చెబితే ఆ మాట లోపలికి దిగుతుంది.

కంప్యూటర్ చదువంటే కంప్యూటర్లు కొనిపెట్టడమే అనుకునే ప్రభుత్వాలకు ఈ సంగతి తలకెక్కడం కష్టం. 2013లో లాస్ ఏంజిల్స్ నగర పాఠశాలల యంత్రాంగం పిల్లలందరికీ ఐప్యాడ్‌లు ఇస్తామని వంద కోట్ల డాలర్లకు పైబడిన పథకం మొదలుపెట్టింది. పంచడం మొదలైన కొద్ది వారాలకే పిల్లలు వాటి తాళాలు తీసేసి ఇష్టమొచ్చిన సైట్లు చూసుకున్నారు. కొన్న పాఠాలు సరిగా తయారుకాలేదు, టీచర్లకు తగిన శిక్షణ లేదు. చివరికి పథకాన్నే మానుకున్నారు. పరికరం పిల్లవాడి చేతిలో పెట్టడం తేలిక. దానితో ఏం చేయాలో పక్కన కూర్చుని చెప్పే మనిషిని ఇవ్వడమే కష్టం. బీడీపీఏ తరగతులు ఇస్తున్నది ఆ మనిషినే.

అవసరం ఎంత ఉందో చెప్పడానికి రెండు లెక్కలు చాలు. అమెరికాలో హైస్కూల్లో ఉండగానే కాలేజీ స్థాయి సబ్జెక్టు చదివి రాసే అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ పరీక్షలున్నాయి. 2013లో కంప్యూటర్ సైన్స్ పరీక్షకు దేశం మొత్తమ్మీద దాదాపు 30 వేల మంది కూర్చుంటే, అందులో నల్లజాతి పిల్లలు నూటికి ముగ్గురు. 11 రాష్ట్రాల్లో ఒక్క నల్లజాతి విద్యార్థి కూడా ఆ పరీక్ష రాయలేదు. మరుసటి ఏడాది గూగుల్ తన ఉద్యోగుల వివరాలు మొదటిసారి బయటపెట్టింది. టెక్నాలజీ పనిచేసేవారిలో నల్లజాతీయులు నూటికి ఒక్కరు. దేశ జనాభాలో వాళ్లు నూటికి 13 మంది. అదే జాబితాలో ఆసియావాసులు నూటికి 34 మంది. ఆ 34లో మనవాళ్లు ఎందరో ఉన్నారు. అందుకే ఇది ఎవరిదో కథ అని తెలుగు పాఠకులు పేజీ తిప్పేయకూడదని మా కోరిక.

ఎమ్మెస్ చేయడానికి అమెరికా వెళ్లిన తెలుగు కుర్రాడు ఉద్యోగం ఎలా తెచ్చుకుంటాడో మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. కష్టపడి చదువుతాడు, అందులో అనుమానం లేదు. దానితోపాటు అతనికో సీనియర్ ఉంటాడు. రూమ్మేట్ అన్నయ్య ఉంటాడు. డల్లాస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడ్డ మేనమామ గారి తోడల్లుడు ఉంటాడు. రెజ్యూమె దిద్దిపెట్టేది ఒకరు, రాత్రి పదింటికి ఫోన్లో మాక్ ఇంటర్వ్యూ చేసేది ఇంకొకరు, కంపెనీలో రిఫరల్ ఇచ్చేది మరొకరు. అక్కడే పుట్టిన మన పిల్లలకైతే భోజనాల బల్ల దగ్గరే అమ్మానాన్నల ఆఫీసు కబుర్లు చెవిన పడతాయి. ఏ కోర్సు తీసుకుంటే ఏ ఉద్యోగం వస్తుందో వాళ్లకు వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. ఇందులో తప్పేమీ లేదు. ఒకరికొకరు చేయూతనిచ్చుకోవడం మనవాళ్ల మంచి గుణం. అయితే ఇంట్లో, చుట్టుపక్కల ఇళ్లలో ఈ రంగంలో ఎవరూ లేని పిల్లవాడికి ఈ దారులన్నీ మూసుకునే ఉంటాయని కూడా మనమే అందరికంటే బాగా గ్రహించగలం. బీడీపీఏలో పాఠాలు చెప్పేవాళ్లు ఆ పిల్లవాడికి సీనియర్లవుతున్నారు, అన్నయ్యలవుతున్నారు, మేనమామలవుతున్నారు.

ఒక జాతి పిల్లల కోసమే ప్రత్యేకంగా ఎందుకు, పేదపిల్లలందరికీ పెట్టొచ్చు కదా అనేవాళ్లున్నారు. పేదపిల్లలందరికీ పెట్టాల్సిందే, ఆ బాధ్యత ప్రభుత్వానిది. కానీ దారి మూసేటప్పుడు జాతిని చూసే మూశారు. 1951లో సెయింట్ లూయిస్ యూనివర్సిటీలో గణితం చదువుకుని బయటికొచ్చిన రాయ్ క్లే ఒక విమానాల కంపెనీకి ఇంటర్వ్యూకి వెళితే, చదువుకున్న నల్లవాళ్లకు ఇవ్వడానికి ఉద్యోగాల్లేవని మొహం మీదే చెప్పి పంపేశారు. ఆ రాయ్ క్లేనే తర్వాత హ్యూలెట్ ప్యాకర్డ్‌లో చేరి, 1966లో ఆ కంపెనీ తొలి కంప్యూటర్ బయటికి రావడంలో ముఖ్య పాత్ర పోషించాడు. ఉద్యోగం లేదు పొమ్మనిపించుకున్న ఆ తరం మనుషుల మనవలే నేటి హైస్కూల్ పిల్లలు. తాత ఇంజినీరు కాలేకపోతే మనవడికి భోజనాల బల్ల దగ్గర వినడానికి ఏముంటుంది?

కాలం కూడా ఎదురు తిరిగింది. 2023 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు కాలేజీ ప్రవేశాల్లో జాతిని పరిగణనలోకి తీసుకోవద్దని తీర్పు ఇచ్చింది. ఆ తర్వాత పేరున్న సాంకేతిక విశ్వవిద్యాలయం ఎంఐటీలో చేరిన తొలి బ్యాచ్‌లో నల్లజాతి విద్యార్థులు నూటికి ఐదుగురే. అంతకుముందు ఏళ్లలో సగటున 13 మంది ఉండేవారు. 2025 జనవరిలో ట్రంప్ ప్రభుత్వం వైవిధ్యం పేరిట నడిచే కార్యక్రమాలను ఆపాలని ఉత్తర్వులు తెచ్చింది. దానికి అటూ ఇటూగా కొన్ని పెద్ద టెక్నాలజీ కంపెనీలు తమ పథకాలను ఒక్కొక్కటిగా ఉపసంహరించుకున్నాయి. 2020లో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతీయుణ్ని పోలీసు అధికారి చంపిన తర్వాత కంపెనీలు ఇచ్చిన వాగ్దానాలు ఇంత త్వరగా చల్లారిపోవడం మాకు బాధ కలిగిస్తోంది. కంపెనీల దయ మీద నడిచేవి ఆ దయతోపాటే పోతాయి. మనుషులు తమ శనివారాలు ధారపోసి నడిపేవి అంత తేలిగ్గా ఆగవన్న ఆశ ఒక్కటే మిగిలింది. అయినా గది అద్దెకు, ల్యాప్‌టాప్‌లకు, పిల్లల్ని పోటీలకు తీసుకెళ్లే ఖర్చులకు డబ్బు కావాలి కదా.

కృత్రిమ మేధే కోడ్ రాసేస్తున్న రోజుల్లో పిల్లలకు ఈ చదువు దేనికన్న ప్రశ్న కొత్తగా వినబడుతోంది. చిన్న ఉద్యోగాలు తగ్గుతాయన్న టెన్షన్ మన ఇళ్లల్లోనూ ఉంది, దాన్ని కొట్టిపారేయలేం. కానీ యంత్రం రాసిచ్చిన దానిలో తప్పెక్కడుందో పట్టుకోవాలంటే, పదిహేడో లైను దగ్గర ఆగడం వచ్చి ఉండాలి. అప్పు ఎవరికివ్వాలి, ఉద్యోగం ఎవరికివ్వాలి అని నిర్ణయించే సాఫ్ట్‌వేర్లు తయారయ్యే గదుల్లో ఈ పిల్లలు లేకపోతే, ఆ నిర్ణయాలు వాళ్ల మీద జరుగుతాయే తప్ప వాళ్లతో జరగవు.

మనవాళ్లకు ఒక మాట గుర్తుచేయాలి. 1965కి ముందు భారతీయులకు అమెరికా ఇచ్చిన వలస కోటా ఏడాదికి 100 మంది. ఆ గేటు తెరిచిన వలస చట్టం మీద అధ్యక్షుడు జాన్సన్ సంతకం చేసింది 1965 అక్టోబర్‌లో. నల్లజాతీయులు వీధుల్లో దెబ్బలు తిని, జైళ్లకు వెళ్లి, జాతిని బట్టి మనుషుల్ని వేరుచేసే చట్టాలను కూలదోసిన ఆ ఊపులోనే ఇదీ వచ్చింది. ఆ పోరాటం లేకపోతే మన ఊళ్ల నుంచి ఇన్ని వేల కుటుంబాలు అక్కడికి చేరేవి కావు. అట్లాంటాలో, షికాగోలో, డల్లాస్‌లో మన తెలుగు సంఘాలు బతుకమ్మ, ఉగాది వేడుకలకు పెద్ద పెద్ద హాళ్లు తీసుకుంటాయి, సొంతూరి బడులకు చందాలు పంపుతాయి. మెచ్చుకోవాల్సిన పనులే. ఆ నగరాల్లోనే పదిహేను మైళ్ల అవతల ఒక శనివారం బడి నడుస్తూ ఉండవచ్చు. జావా వచ్చినవాళ్లు, డేటాబేస్ వచ్చినవాళ్లు మన సంఘాల్లో వందల మంది ఉన్నారు.

తెలుగు సంఘాల కార్యవర్గాలు వచ్చే సమావేశంలో ఈ అంశాన్ని ఎజెండాలో పెట్టాలని కోరుతున్నాం. తమ నగరంలో ఇలాంటి తరగతులు నడుపుతున్నవారిని కలవండి. ఏం పాఠం చెప్పాలో, ఎప్పుడు రావాలో వాళ్లనే అడగండి, వాళ్లు చెప్పినట్టు చేయండి. పోటీలకు వెళ్లే ఒక జట్టు బస్సు ఖర్చు భరించండి. ఇంట్లో హైస్కూల్ చదివే పిల్లలుంటే వాళ్లనూ వెంటబెట్టుకు వెళ్లండి.