మెక్‌లారెన్ ఎఫ్1 జీటీఆర్ మీద తిరుగుతున్న కథకు ఖండన

కొద్ది వారాలుగా విజయవాడ ఆటోనగర్ మెకానిక్కుల, విడిభాగాల వ్యాపారుల వాట్సాప్ గ్రూపుల్లో ఒక పోస్టు తిరుగుతోంది. నాకే నాలుగు వైపుల నుంచి వచ్చింది. దాని సారాంశం ఇది: మెక్‌లారెన్ కంపెనీ ఫ్రాన్స్‌లో జరిగే లే మాన్స్ 24 గంటల రేసు గెలవాలన్న పట్టుదలతోనే ఎఫ్1 కారును (ఇది ఫార్ములా వన్ రేసు కారు కాదు, ఆ పేరున్న మరో కారు) తయారుచేసింది, రేసు కోసం ఇంజన్ పవరును ఇంకా పెంచింది, మిగతా కారును షోరూంలో ఉన్నది ఉన్నట్టుగా తీసుకెళ్ళి, స్టిక్కర్లు అంటించి, 1995లో గెలిచేసింది, అదీ వాన పడి మిగతా కార్లు చెడిపోయినందువల్ల, ఆ తరవాత ఆ కారును ఓడించినవాడు లేడు. గెలవడానికే పుట్టిన కారు అదృష్టం కొద్దీ గెలిచిందనడం ఒకే పోస్టులో ఎలా ఇమిడిందో రాసినవారికే తెలియాలి. ఇందులో 1995లో గెలిచిన మాట నిజం, వాన మాట సగం నిజం, స్టిక్కర్ల మాటకు కొంత ఆధారం ఉంది. మిగిలినవన్నీ తప్పు.

మొదటి మాట పుట్టుక గురించి. 1988లో ఫార్ములా వన్ సీజన్‌లోని పదహారు రేసుల్లో పదిహేను గెలిచిన మెక్‌లారెన్ జట్టు, మోంజాలో ఆ ఒక్కటి ఓడిపోయి తిరిగివస్తూ మిలాన్ విమానాశ్రయంలో విమానం కోసం కూర్చున్నప్పుడు, రోడ్డు మీద నడిపే కారు ఒకటి చేద్దామన్న ఆలోచన నడిచింది. దానికి రూపమిచ్చిన ఇంజనీరు గోర్డన్ మర్రే రేసు కార్ల డిజైన్‌లోనే పేరు తెచ్చుకున్నవాడు. అయినా ఈ కారును ఆయన రోడ్డు కోసమే గీశాడు. డ్రైవరు మధ్యలో, అటూ ఇటూ కాస్త వెనకగా ఇద్దరు ప్రయాణికులు కూర్చునే మూడు సీట్లు, ఏసీ, సీడీ ప్లేయర్, పక్క అరల్లో సరిగ్గా పట్టేలా కుట్టించిన సామాను సంచులు అందులో ఉన్నాయి. రేసు కోసమే చేసే కారులో సామాను సంచికి చోటు వెతికే ఇంజనీరు ఉండడు. 1992 మేలో మొనాకోలో ఆవిష్కరించిన ఆ కారును రేసుల్లోకి దింపమని అడిగింది కంపెనీ కాదు, కొనుగోలుదారులు. రే బెల్మ్, థామస్ బ్‌షర్ అనే ఇద్దరు రేసర్లు వెంటపడ్డ తరవాతే, అంతగా ఇష్టం లేని మర్రే 1995 బీపీఆర్ జీటీ సిరీస్ (రోడ్డు కార్లను మార్చి నడిపే రేసుల వరస) కోసం జీటీఆర్ అనే రేసు రూపం తయారుచేయడానికి ఒప్పుకున్నాడు.

పోస్టు రాసినవారు ఈ కారును బహుశా దాని ప్రత్యర్థులతో కలిపేసుకున్నారు. అంతకు ముందు ఏడాది, 1994లో, లే మాన్స్ గెలిచిన డౌయర్ 962 అసలు పోర్షే రేసు కారే; దానికి రోడ్డు మీద తిరిగే అర్హత తెప్పించి జీటీ తరగతిలో నిలబెట్టారు. 1996లో వచ్చిన పోర్షే 911 జీటీ1 కూడా ముందు భాగం మామూలు 911ది, వెనక భాగం 962 వరసది తీసుకుని రేసు కోసమే కట్టిన కారు. జీటీ కారుకు రోడ్డు రూపం ఉండాలన్న నియమం తీరడానికి తరవాత కొద్దిపాటి రోడ్డు కార్లు చేశారు. మెక్‌లారెన్ నడిచిన దారి దీనికి సరిగ్గా ఎదురు.

ఇక పవరు సంగతి. ఇందులో నిజం తలకిందులైంది. ఎఫ్1లో ఉన్నది బీఎండబ్ల్యూ మోటార్‌స్పోర్ట్‌లో పాల్ రోషే చేసిన పన్నెండు సిలిండర్ల 6.1 లీటర్ల ఇంజన్. రోడ్డు కారులో అది 627 అశ్వశక్తి ఇస్తుంది. జీటీ తరగతుల్లో కార్ల మధ్య తేడా మరీ పెరగకుండా ఇంజన్‌కు గాలి వెళ్ళే దారిలో రిస్ట్రిక్టర్ అనే ఇరుకు రంధ్రం బిగించాలన్నది నియమం. లోపలికి వెళ్ళే గాలి తగ్గితే కాలే పెట్రోలూ తగ్గుతుంది, కాబట్టి జీటీఆర్ దాదాపు 600 అశ్వశక్తితోనే పరుగెత్తింది. అంటే కొన్నవాడి గ్యారేజీలో నిలిచిన కారుకంటే రేసు కారుకే బలం తక్కువ. ఇది నమ్మశక్యంగా లేదని గ్రూపులో ఒకాయన వాదించారు. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో పూడుకుపోయిన లారీ వంతెన ఎక్కేటప్పుడు ఎలా మూలుగుతుందో ఆయనకు నేను చెప్పనక్కరలేదు.

స్టిక్కర్ల మాటకు కొంత ఆధారం లేకపోలేదు. 1995 జీటీఆర్‌లో కార్బన్ ఫైబర్ పెంకు, మధ్య సీటు, ఇంజన్, ఆరు గేర్ల పెట్టె అమరిక రోడ్డు కారువే. కానీ లోపలి అలంకారమంతా పీకేసి రోల్ కేజ్ (కారు బోల్తా పడినా డ్రైవరును కాపాడే గొట్టాల చట్రం) అమర్చారు, కార్బన్ బ్రేకులు వేశారు, వెనక సర్దుబాటు రెక్క బిగించారు, గాలి దారులు మార్చారు. లే మాన్స్‌కు ముందు ఫ్రాన్స్‌లోని మాన్యీ కూర్ ట్రాకు మీద 24 గంటల పరీక్ష కూడా నడిపారు. తరవాత లే మాన్స్ గెలిచిన 01ఆర్ షాసీ ఆ పరీక్షల కారే. దాన్ని కొకుసాయ్ కైహత్సు అనే జట్టు పేరుతో రేసుకు దింపారు.

ఇప్పుడు వాన. 1995 జూన్ 17, 18 తేదీల్లో జరిగిన ఆ రేసులో సగానికి పైగా సమయం వాన పడిన మాట వాస్తవం. పొడి రోడ్డు మీద రేసు కోసమే కట్టిన తేలికపాటి ప్రోటోటైప్ కార్లు మెక్‌లారెన్ కంటే వేగంగా ఉండేవన్నదీ వాస్తవమే. పోల్ స్థానం, అంటే అందరికంటే ముందు నిలిచి బయలుదేరే చోటు, కూడా వాటిదే. రెండో స్థానంలో వచ్చిన కరేజ్ కారు తొలి గంటల్లోనే మారియో ఆండ్రెట్టి చేతిలో అదుపు తప్పి, మరమ్మతుకు చాలా ల్యాపులు పోగొట్టుకుని, చివరికి ఒక్క ల్యాపు వెనక నిలిచింది. ఇంతవరకు పోస్టుతో నాకు పేచీ లేదు. అయితే బయలుదేరిన ఏడు మెక్‌లారెన్లలో అయిదు గమ్యం చేరాయి. మొదటి, మూడు, నాలుగు, అయిదు స్థానాలు వాటివే. అదృష్టం ఒక కారును గెలిపిస్తుందేమో గాని, ఒకే రకం కార్లను నాలుగింటిని మొదటి అయిదులో నిలబెట్టదు. జె.జె. లెహ్టో ఆ రాత్రి చీకట్లో, నీళ్ళలో, తోటివారికి అందనంత వేగంగా 59వ నంబరు కారును నడిపాడు. ఆయనతో యానిక్ డాల్మాస్, మసనోరి సెకియా పంచుకున్న ఆ కారు 298 ల్యాపులు, నాలుగు వేల కిలోమీటర్లకు పైగా తిరిగింది. మన ఊరి నుంచి చెన్నైకి నాలుగు సార్లు వెళ్ళివచ్చి, అయిదోసారి చెన్నై చేరినంత దూరం, అదీ ఒక్క రోజులో.

పైగా ఆ రేసులో ఇబ్బందులు మెక్‌లారెన్లనూ వదలలేదు. యాభై మూడేళ్ళ డెరెక్ బెల్, ఆయన కొడుకు జస్టిన్, ఆండీ వాలస్ నడిపిన పసుపురంగు కారు రేసు చివరి గంటల వరకు ముందుండి, క్లచ్ పనిచేయక మూడో స్థానానికి జారింది. ఆ ఇబ్బంది ఎలాంటిదో చూద్దామని, మా వీధిలో ముప్పై ఏళ్ళుగా గేర్‌బాక్సులు దించుతున్న మేస్త్రీ గారి షెడ్డుకు వెళ్ళాను. ఆయన నూనెబల్ల మీద పడున్న ఒక క్లచ్ రిలీజ్ బేరింగ్‌ను నా చేతిలో పెట్టి తిప్పమన్నారు. తిరిగింది గాని, పళ్ళు కొరికినట్టు గరగరమంది. “క్లచ్ వదలకపోతే గేరు మాట వినదండీ. ఇంజన్ స్పీడూ గేరు స్పీడూ చెవితో కలుపుకుని తోయాల్సిందే. ఇక్కడినుంచి ఏలూరు దాకా అయితే తీసుకెళ్తాడు మంచి డ్రైవరు,” అన్నారు. అంతటి అవస్థలోనూ ఆ పసుపు కారు మూడో స్థానం నిలుపుకుంది.

ఆ తరవాత ఓడించినవాడు లేడన్న చివరి మాటకు ఎక్కువ సమాధానం అక్కరలేదు. 1996లో ఈ కార్లతో జపాన్ జీటీ చాంపియన్‌షిప్ గెలిచారు, బీపీఆర్ టైటిలూ రే బెల్మ్, జేమ్స్ వీవర్ తెచ్చుకున్నారు, కానీ అదే ఏడాది లే మాన్స్‌లో మెక్‌లారెన్‌కు దక్కిన మెరుగైన స్థానం నాలుగు. పోర్షే 911 జీటీ1లు రెండు, మూడు స్థానాల్లో ముందుకెళ్ళాయి. 1997లో ముక్కూ తోకా సాగదీసి, ఇంజన్‌ను ఆరు లీటర్ల లోపుకు తగ్గించి, సీక్వెన్షియల్ గేర్‌బాక్స్ (గేర్లు వరసగా ఒకదాని తరవాత ఒకటి మారేది) వేసి పది కొత్త కార్లు చేసినా, ఆ ఏటి ఎఫ్ఐఏ (అంతర్జాతీయ మోటారు రేసుల సంస్థ) జీటీ టైటిల్ మెర్సిడెస్ సీఎల్‌కే జీటీఆర్‌కే పోయింది. బెంజి సర్కిల్ ఉన్న ఊరివాళ్ళం ఆ పేరైనా మరచిపోకుండా ఉండవలసింది. పైగా మెర్సిడెస్ వారు తమ కారును తీర్చిదిద్దేటప్పుడు ఒక ఎఫ్1 జీటీఆర్‌నే కొని దాని మీద ప్రయోగాలు చేశారు.

మరొక చిన్న సంగతి. ఆ పోస్టుకు తగిలించి, పైన దండ బొమ్మ అతికించి, “1995 విజేత” అని రాసిన ఫొటోలోని కారు నల్లటి బూడిద రంగు 59వ నంబరుది కానే కాదు. ముక్కూ తోకా చాచిన ఆ కారు తలుపు మీద 41 అంకె స్పష్టంగా కనిపిస్తోంది. అది 1997 లే మాన్స్‌లో 360 ల్యాపులు తిరిగి తన తరగతిలో గెలిచినా, 361 తిరిగిన యోస్ట్ జట్టు పోర్షే వెనక రెండోదిగా వచ్చిన కారు.