నీళ్లకు ఇరవై, యాంటిమొనీ ఉచితం

ఉచిత పథకాలు అర్హులకు అందడం లేదని ఈమధ్య అందరూ ఒకటే గోల. రేషన్ కార్డు అడగకుండా, ఈ-కేవైసీకి వేలిముద్ర వేయించకుండా, ఆడామగా తేడా చూడకుండా నడుస్తున్న పథకం ఒకటుంది. ఇరవై రూపాయలు పెట్టి నీళ్ల సీసా కొంటే చాలు, మీరు లబ్ధిదారులే.

ఆ సీసా పెట్ ప్లాస్టిక్‌ది. తయారీలో యాంటిమొనీ అనే, మోతాదు మించితే విషమయ్యే లోహంలాంటి మూలకం నుంచి చేసిన యాంటిమొనీ ట్రైఆక్సైడ్‌ను ఉత్ప్రేరకంగా, అంటే రసాయన చర్యను వేగిరపరిచేందుకు వాడతారు. పని అయిపోయినా అందులో కొంత, పెళ్లికొచ్చి పదహారు రోజుల పండగ దాకా కదలని చుట్టంలా, ప్లాస్టిక్‌లోనే ఉండిపోతుంది. చల్లగా ఉన్నంతసేపూ పెద్దగా కదలదు. వేడి తగిలితే నీళ్లలోకి దిగుతుంది. అమెరికాలోని అరిజోనా పరిశోధకులు 2008లో లెక్క కట్టారు: 80 డిగ్రీల వేడిలో ఉంచితే రెండున్నర రోజులైనా కాకముందే అక్కడి పరిమితి, అంటే లీటరుకు 6 మైక్రోగ్రాములు, దాటుతుందట. 60 డిగ్రీల్లో అయితే 176 రోజులు పడుతుందట.

మామూలుగా సీసాల్లో ఉండేది పరిమితిలోపే. కాబట్టి కారులో పెట్టిన సీసా తాగితే మర్నాటికే క్యాన్సర్ అని వాట్సాప్‌లో వచ్చే గిట్టనివాళ్ల ప్రచారం నమ్మకండి. అయితే మన కొట్టువాళ్లు తక్కువతో సరిపెట్టే రకం కాదు. మే నెల మిట్టమధ్యాహ్నం రెంటచింతలలో ఏ కిరాణా కొట్టు ముందైనా చూడండి. కవరు చుట్టిన నీళ్ల కేసులు ఛాతీ ఎత్తున ఎండలో నిలబడి ఉంటాయి. 'ఎండ తగలని చల్లని చోట ఉంచండి' అన్న లేబుల్ ఆ ఎండకే వెలిసిపోయి ఉంటుంది. ఇదేంటయ్యా అంటే, 'కూలింగ్‌ది లోపలుంది సార్, అయిదు ఎక్కువ' అంటాడు. బయట ఉడికిందే లోపలికెళ్లి కూలింగ్ అయింది. అయిదు రూపాయలు దాని ప్రయాణ ఖర్చులన్నమాట.

ఇక ఇరవై లీటర్ల టిన్ను. పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్ టిన్ను అయితే అందులో బీపీఏ, అంటే బిస్ఫినాల్-ఎ అనే రసాయనం. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2023లో దాని రోజువారీ పరిమితిని 20 వేల రెట్లు తగ్గించింది. 2024 డిసెంబరులో ఆహారం, నీళ్లు తాకే వస్తువుల్లో దాన్ని నిషేధించేశారు. పాపం, ఒంట్లో ఓపిక లేని దేశాలు. మన ప్రమాణాలూ పసిపిల్లల పాలసీసాల్లో బీపీఏ వద్దన్నాయి లెండి. సీసా వదిలి టిన్ను నీళ్లకొచ్చేసరికి పిల్లాడు ఎదిగిపోతాడు, తట్టుకుంటాడు.

'వాడాక సీసా నలిపేయండి' అని కూడా రాస్తారు. మనిళ్లలో సీసా నలిపినవాడు దుబారా మనిషి. అది ముందు ఫ్రిజ్‌లో చేరుతుంది. తర్వాత మజ్జిగకు, ఆపైన నువ్వుల నూనెకు, చివరికి బాత్రూంలో ఫినాయిల్‌కు ప్రమోషన్లు పొందుతుంది.

ఈ వేసవిలో చలివేంద్రాల్లోనూ కుండలు తీసేసి టిన్నులు పెట్టాలని నా మనవి. చాలాచోట్ల ఇప్పటికే పెట్టేశారు. రిబ్బను కత్తిరించిన నాయకుడు మొదటి గ్లాసు జనానికి అందించి, గన్‌మన్ చేతిలోని స్టీలు ఫ్లాస్కు తీసుకుని రెండు గుక్కలు తాగి కారెక్కుతాడు.