ఆకలికి టైం టేబుల్ కావాలి

కర్నూలులో దాతలకు కొదవ లేదు. వచ్చిన చిక్కల్లా ఆకలిగొన్నవాళ్లతోనే, వాళ్లలో సహకారం బొత్తిగా లేదు. నాయకుడి పుట్టినరోజు వచ్చిందంటే మధ్యాహ్నం పన్నెండుకల్లా పెద్దాసుపత్రి గేటు ముందు నాలుగు ఆటోలు ఆగుతాయి. నాలుగింట్లోనూ పులిహోరే. రోగులకు తోడుగా వచ్చినవాళ్లు మొదటి పొట్లం తిని, రెండోది సంచిలో పెట్టుకుని, మూడోది వద్దంటారు. ఎంత నిర్లక్ష్యం! మర్నాడు రాత్రి వాళ్లే టీలో బన్ను ముంచుకుని తిని వరండాలో పడుకుంటారు. నాలుగు పూటల ఆకలీ నిన్న మధ్యాహ్నమే తెచ్చుకుని ఉంటే ఈ తిప్పలు ఉండేవా?

పొట్లం అందుకోవడంలోనూ వాళ్లకు శిక్షణ చాలదు. మొన్న ఒకే పొట్లాన్ని తొమ్మిది చేతులు పట్టుకున్నాయి. ఎనిమిది దాతలవి, ఒకటి ఆదోని నుంచి వచ్చిన అవ్వది. "అవ్వా, ఇట్ల చూడు, పొట్లం కొంచెం పైకెత్తు" అని ఫోన్ పట్టుకున్న పిల్లోడు మర్యాదగానే అడిగాడు. ఆమె మాత్రం పొట్లం వైపే చూస్తా ఉండిపోయింది. మళ్లీ తీయాల్సి వచ్చింది.

అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకు టోకెన్ తీసుకుని తిని చెయ్యి కడుక్కుని పోతారు. ఇటు చూడమనేవాడే ఉండడు. దాన్ని సేవ అని ఎట్లా అంటారో నాకైతే తెలీదు.

ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డిది ఇంకా అన్యాయం. 1866 కరువులో ఊళ్లకు ఊళ్లు ఆయన ఇంటి ముందు అన్నం తిన్నాయి. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఒక్క ఫ్లెక్సీ అయినా వేయించుకున్నాడా? పాపం, జనమే పాటలు కట్టి పాడుకోవాల్సి వచ్చింది.

పల్లెల సంగతి మన పరిధిలోకి రాదు. కోసిగి, కౌతాళం వైపు జనం సుగ్గికని, అంటే కూలికి వలసగా, గుంటూరు మిరప కోతలకు పోతే, ఇళ్లకు కాపలా ముసలివాళ్లే. వాళ్లేం తింటారని అడక్కండి, అంత దూరం ఆటో పోదు, పోయినా ఫొటోకు జనం చాలరు. అటు పత్తికొండలో ధర పడిపోతే రైతులు టమాటా రోడ్డు మీద పారబోస్తారు. తెచ్చి పప్పులో వేయొచ్చు గదా అంటే, పప్పు పొట్లం కట్టడానికి రాదట.

ఇట్లా కాదని ఈ మధ్య దాతలంతా సమన్వయం కోసం ఒకచోట కూర్చున్నారు. బిర్యానీ బాగుంది. వాట్సాప్ గ్రూపు పెట్టారు, పేరు దగ్గర పేచీ వచ్చి అది రెండైంది. చివర్లో ఒక రిటైర్డ్ టీచరమ్మ లేచి, "ఎవరు ఏ రోజు ఏ పూట పెడతారో కాగితం మీద రాసి ఆసుపత్రి గోడకు అంటిద్దాం నాయనా. రాత్రికి రెండు జొన్నరొట్టెలు, ఇంత పప్పు ఉంటే చాలు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ కాగితం మీద ఎవరి ఫొటో ఉండాలో తేల్చడానికి సబ్ కమిటీ వేశారు.

పని చురుగ్గానే సాగుతోంది. ఆదివారం మధ్యాహ్నం గడిలో ఇప్పటికే పదకొండు పేర్లు చేరాయి. మంగళవారం రాత్రికి మాత్రం, ఆ పూట పుట్టిన నాయకుడెవరైనా ఉన్నాడా అని వెతుకుతున్నారు.