వింగర్‌ను పెట్టు, టెలే!

1982 ప్రపంచకప్‌కు ముందు బ్రెజిల్ టీవీలో ఒక హాస్యపాత్ర దేశాన్ని నవ్వించింది. జో సోఆరెస్ అనే భారీకాయుడైన హాస్యనటుడు ఫోను చెవికి ఆనించుకుని జాతీయ ఫుట్‌బాల్ జట్టు కోచ్ టెలే సంతానాతో మాట్లాడుతున్నట్లు నటించేవాడు. పాత్ర పేరు జే ద గలేరా. స్టేడియం గ్యాలరీ జనంలో ఒకడన్నమాట. బతిమాలేవాడు, దబాయించేవాడు. ఏం మాట్లాడినా చివరికి తేలేది ఒకే మాట: "వింగర్‌ను పెట్టు, టెలే!" వింగర్ అంటే మైదానం అంచు గీత పక్కనే ఉండి దాడి చేసే ఆటగాడు. ఆ కేక వీధుల్లో ఊతపదమైపోయింది.

ఒక దేశపు అభిమానులు తమ కోచ్ మీదికి విసిరిన కేకలన్నిటిలోనూ నాకు తెలిసి ఇంత తెలివైనది మరొకటి లేదు. కారణం చిన్నదే. ఆ కేకలో ఆటగాడి పేరు లేదు, మైదానంలో ఒక చోటు ఉంది.

టెలే జట్టులో జికో, సోక్రటీస్, ఫల్కావ్, సెరెజో నలుగురూ మధ్యలో ఆడే మేధావులు. ఎడమవైపు ఎడెర్ ఉన్నాడు. కుడివైపు గీత పక్కన స్థిరంగా ఉండేవాడు మాత్రం ఎవడూ లేడు. ఆ ఖాళీని టెలే కావాలనే వదిలాడు. జికో ఒకసారి, సోక్రటీస్ ఒకసారి అటు జరుగుతారు, వెనకనుంచి కుడి బ్యాక్, అంటే కుడివైపు డిఫెండర్, లియాండ్రో దూసుకొస్తాడు, ఎవరు ఎప్పుడు వస్తారో తెలియక ప్రత్యర్థి తికమకపడతాడు. కాగితం మీద అందమైన ఆలోచన, మైదానంలోనూ చాలాసార్లు అందంగానే కనిపించింది. గ్యాలరీ జనం అడిగింది వేరు. కుడివైపు మనవాడు లేకపోతే అవతలి ఎడమ బ్యాక్‌ను వెనక్కి కట్టిపడేసేది ఎవరు?

మామూలుగా మనం ఇలా అడగం, పేర్లు పట్టుకుంటాం. ఫుట్‌బాల్ అంతగా అంటని మన తెలుగువాళ్లకు ఈ జ్వరం క్రికెట్ ద్వారా బాగానే తెలుసు. 2019 ప్రపంచకప్ జట్టులో అంబటి రాయుడి బదులు విజయ్ శంకర్‌ను తీసుకున్నప్పుడు, అతను మూడు విభాగాల్లోనూ పనికొస్తాడని సెలక్షన్ కమిటీ ఛైర్మన్ ఎమ్మెస్కే ప్రసాద్ సమర్థించుకున్నారు. ప్రపంచకప్ చూడటానికి 3డి కళ్లద్దాలు ఆర్డర్ చేశానని రాయుడు ట్వీట్ పెట్టాడు. ప్రసాద్, రాయుడు ఇద్దరూ గుంటూరువారే కావడంతో మన దగ్గర రచ్చకు రుచి మరింత పెరిగింది. తేలవలసిన ప్రశ్న ఏమిటి? నాలుగో స్థానంలో వచ్చేవాడు చేయవలసిన పని ఏమిటని. మనం తేల్చుకోవాలనుకున్నది రాయుడా, శంకరా అని. మాంచెస్టర్ సెమీఫైనల్లో న్యూజిలాండ్ చేతిలో ఓడాక రాయుడు ఇంకా గొప్పవాడయ్యాడు. పోయినవాడి కళ్లు చారెడు కదా. జట్టులో చోటు దక్కనివాడు ఏ మ్యాచ్‌లోనూ విఫలం కాడు.

బ్రెజిల్‌లో ఈ చారెడు కళ్లవాడి పాత్రను అందరికంటే ఎక్కువకాలం పోషించినవాడు ఫార్వర్డ్ రొమారియో. అతని కథను వరుసగా చూస్తే అభిమానుల వాదనల బలమూ బలహీనతా రెండూ బయటపడతాయి.

1992 చివర్లో జర్మనీతో స్నేహపూర్వక మ్యాచ్‌కు యూరప్ నుంచి అంతదూరం వచ్చి బెంచీ మీద కూర్చోవలసి వచ్చిందని రొమారియో నోరు చేసుకున్నాడు. కోచ్ పరేరా అతన్ని పక్కనపెట్టాడు. 1993లో క్వాలిఫయింగ్ మ్యాచ్‌లు మొదలయ్యాయి. బొలీవియా చేతిలో లాపాజ్‌లో 0-2తో ఓడింది బ్రెజిల్, క్వాలిఫయింగ్ చరిత్రలోనే ఆ దేశానికి అది తొలి ఓటమి. రొమారియో కావాలని దేశమంతా అరిచింది. సెప్టెంబరులో మరకానా స్టేడియంలో ఉరుగ్వేతో ఆఖరి మ్యాచ్, ఓడితే ప్రపంచకప్ లేనట్లే. జట్టులోని ఫార్వర్డ్ ముల్లర్ గాయపడటంతో పరేరా దిగివచ్చి రొమారియోను పిలిచాడు. బ్రెజిల్ 2-0తో గెలిచింది, రెండు గోల్సూ అతనివే. మరుసటి ఏడాది అమెరికాలో అయిదు గోల్స్ చేసి, ఉత్తమ ఆటగాడిగా నిలిచి కప్పు తెచ్చాడు. ఇక్కడ అభిమానులు నూటికి నూరుపాళ్లు ఒప్పు. ఆ జట్టులో దుంగా, మౌరో సిల్వా వంటి కాపలాదారులకు కొదవ లేదు, పెనాల్టీ ప్రాంతంలో అరక్షణంలో పని ముగించేవాడే లేడు. జనం అరిచింది పేరే అయినా, దాని వెనక ఖాళీగా ఉన్న ఒక స్థానం ఉంది.

1998లో కాలిపిక్క గాయం పేరుతో టోర్నీకి వారం ముందు అతన్ని ఇంటికి పంపారు. ఏడ్చాడు. ఆ కోపం అక్కడితో చల్లారలేదు. కోచ్ జగాలో, సమన్వయకర్త జికోల వ్యంగ్యచిత్రాలను తన బారులో మరుగుదొడ్డి తలుపుల మీద వేయించాడు, వ్యవహారం కోర్టుకెక్కింది. అభిమానం, అవమానం రెండూ ఆ దేశంలో ఇంత పెద్ద సైజులోనే ఉంటాయి.

అసలు పరీక్ష 2002. అప్పటికి అతనికి 36 ఏళ్లు. బ్రెజిల్ 18 క్వాలిఫయింగ్ మ్యాచ్‌ల్లో ఆరింట ఓడి, ఆఖరి మ్యాచ్‌లో వెనెజువెలాను ఓడించి గట్టెక్కింది. మధ్యలో కొత్తగా వచ్చిన కోచ్ స్కోలారీ దక్షిణ అమెరికా దేశాల టోర్నీ కోపా అమెరికాలో హోండురస్ చేతిలో కూడా ఓడాడు. ఆ టోర్నీకి కంటి శస్త్రచికిత్స ఉందని తప్పుకున్న రొమారియో తరువాత క్లబ్ తరఫున ఆడటానికి వెళ్లాడన్నది స్కోలారీ కినుక. వీధుల్లో, పత్రికల్లో ఒకటే మాట: రొమారియోను తీసుకో. అతను కెమెరాల ముందు కన్నీళ్లు పెట్టుకుని అడిగాడు. స్కోలారీ చలించలేదు. బ్రెజిల్ ఏడుకు ఏడు మ్యాచ్‌లూ గెలిచింది, రొనాల్డో ఎనిమిది గోల్స్ చేశాడు. స్కోలారీ పట్టుదలను ఆనాటినుంచి నాయకత్వ పాఠంగా చెబుతున్నారు.

నాకు ఈ పాఠం మీద అనుమానం. స్కోలారీ తర్కంలో బలమున్న భాగం క్రమశిక్షణ కాదు, కూర్పు. ముగ్గురు సెంటర్ బ్యాక్‌లు, రెండు పక్కలా కఫూ, రొబెర్టో కార్లోస్, ముందు రొనాల్డో, రివాల్డో, రొనాల్డినో. ఇందులో రొమారియో నిలబడే చోటులో ఇప్పటికే రొనాల్డో ఉన్నాడు. ఇది ఒప్పుకోదగ్గ సమాధానమే. కానీ ఆ రొనాల్డో మోకాలు 1999 నవంబరులో ఒకసారి, 2000 ఏప్రిల్‌లో మరోసారి దెబ్బతిని దాదాపు రెండేళ్లు ఆటకు దూరమయ్యాడు. రివాల్డో కూడా మోకాలి నొప్పితోనే వచ్చాడు. ఆ రెండు మోకాళ్లలో ఒకటి మొరాయిస్తే ఏమిటని అభిమానులు భయపడటంలో అమాయకత్వం లేదు. ప్రీక్వార్టర్స్‌లో స్కోరు 0-0గా ఉన్నప్పుడు బెల్జియం ఆటగాడు విల్మాట్స్ తలతో కొట్టిన గోల్‌ను రిఫరీ రద్దు చేశాడు. ఎందుకో ఇప్పటికీ చాలామందికి అంతుపట్టలేదు. ఆ గోల్ నిలిచి బ్రెజిల్ ఇంటిదారి పట్టి ఉంటే, అదే స్కోలారీ, అదే జాబితా, అదే పట్టుదల. పాఠం మాత్రం మొండితనం గురించి అయ్యేది.

ఎనిమిదేళ్ల తరువాత, 1994 జట్టులో ఆడిన దుంగా కోచ్‌గా సరిగ్గా ఇదే తర్కంతో జట్టు కట్టాడు. నమ్మినవాళ్లు చాలు, కూటమి చెదరకూడదు, బయటి అరుపులు వినను. టోర్నీకి ముందు అతని చరిత్ర స్కోలారీ కంటే ఎంతో మెరుగు: 2007 కోపా అమెరికా, 2009 కాన్ఫెడరేషన్స్ కప్పు, క్వాలిఫయింగ్‌లో అగ్రస్థానం. సంతోస్ క్లబ్‌లో మెరుస్తున్న 18 ఏళ్ల నెయ్‌మార్‌ను, గాన్సోను తీసుకోమని దేశం కోరింది. తీసుకోలేదు. పోర్ట్ ఎలిజబెత్‌లో నెదర్లాండ్స్‌తో క్వార్టర్‌ఫైనల్. రొబిన్యో పదో నిమిషంలోనే గోల్ కొట్టాడు, మొదటి సగమంతా బ్రెజిల్‌దే. రెండో సగంలో స్నైడర్ గోల్స్, ఫెలిపే మెలోకు రెడ్ కార్డు, కథ ముగిసింది. దుంగా మూర్ఖుడని అదే రాత్రి తీర్పు వెలువడింది.

తీర్పు చెప్పినవాళ్లు ఎక్కువగా తలచుకున్నది నెయ్‌మార్‌ను. నా లెక్కలో దుంగా చేసిన తప్పు గాన్సో దగ్గరుంది, అదీ క్వార్టర్‌ఫైనల్‌కు ముందే కనిపించింది. జట్టులో ముందుకు ఆలోచించి బంతి అందించే పని మొత్తం కాకా ఒక్కడి మీద ఉంది, అతనేమో ఆ ఏడాదంతా గాయాలతో కుంటుతూ వచ్చినవాడు. ఐవరీకోస్ట్ మ్యాచ్‌లో రెడ్ కార్డు వల్ల పోర్చుగల్‌తో ఆడే వీలు లేకపోయింది. అతని స్థానంలో దిగిన జూలియో బాప్టిస్టా కండబలమున్నవాడే కానీ ఆ పని అతనిది కాదు. మ్యాచ్ 0-0. వారం తరువాత వెనకబడినప్పుడు బెంచీ వైపు చూస్తే తాళం తీసేవాడు లేడని ఆ సాయంత్రమే తెలిసిపోయింది. గాన్సో వచ్చి ఉంటే గెలిచేవారని నేననను. అతని తరువాతి జీవితం ఆ ఆశలను అందుకోలేదు కూడా. అయినా మే నెలలో, ఆ రోజుకు తెలిసిన విషయాలతో, అతని కోసం చేసిన వాదన సరైనది. 1993లో రొమారియో కోసం చేసిన వాదనలాగే దాని వెనకా ఒక ఖాళీ ఉంది.

ఇక ఎప్పుడు చర్చ జరిగినా పెద్దలు బయటికి తీసే ఉదాహరణ 1970 ప్రపంచకప్. "అప్పుడు గొప్పవాళ్లందరినీ కలిపి దింపారు, గెలిచారు, ఇప్పుడెందుకు చేయరు?" అని. ఆ జట్టులో క్లబ్‌లో పదో నంబరు చొక్కా, అంటే ఆటను నడిపే తార వేసుకునే చొక్కా, వేసుకునేవాళ్లు ఒకరిద్దరు కాదు. వాళ్లు ఒకే జట్టులో ఇమడటానికి ఎవరి ఆటను ఎంత వంచవలసి వచ్చిందో ఈ పెద్దలు చెప్పరు. కొరింథియన్స్ క్లబ్ రాజు రివెలినోను ఎడమ అంచుకు జరిపారు. పెలేతో కలిసి ఆడలేడని అందరూ తేల్చేసిన టోస్టావ్‌ను, అదీ అంతకు ముందు ఏడాదే రెటీనా ఆపరేషన్ అయినవాణ్ణి, గోల్‌కు వీపు పెట్టి ఆడే ఫార్వర్డ్‌గా మార్చారు. మిడ్‌ఫీల్డర్ పియాజాను సెంటర్ బ్యాక్‌గా నిలబెట్టారు. ఇలా సర్దిన జగాలో ఆ పనిలోకి వచ్చింది టోర్నీకి రెండున్నర నెలల ముందే. అతనికి ముందు కోచ్ సాల్దాన్యా, పత్రికా రచయిత, కమ్యూనిస్టు, ఆరు క్వాలిఫయింగ్ మ్యాచ్‌లూ గెలిచినవాడు. సైనిక పాలకుడు మెడిసీకి దారియో అనే ఫార్వర్డ్ అంటే ఇష్టం. ఆయన మంత్రివర్గాన్ని ఆయన ఎంచుకుంటాడు, నా జట్టును నేను ఎంచుకుంటానన్న అర్థంలో సాల్దాన్యా జవాబిచ్చాడు. మార్చిలో ఉద్యోగం పోయింది. ఒక్క దారియో వల్లే పోయిందనలేం, పెలే చూపు మందగించిందని అతన్నే పక్కనపెట్టే మాటలు మాట్లాడినవాడు మరి. చివరకు దారియో మెక్సికో వెళ్లాడు, ఒక్క నిమిషమైనా ఆడలేదు.

మనిషిని అతని చోటునుంచి కదిపి గెలిచిన ఉదాహరణ కోసం మనం అంతదూరం పోనక్కరలేదు. 1962లో జకార్తా ఆసియా క్రీడల్లో హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం, తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను సెమీస్, ఫైనల్లో సెంటర్ ఫార్వర్డ్‌గా దింపాడు. రెండింటిలోనూ అతను గోల్ కొట్టాడు. కొరియాను 2-1తో ఓడించి భారత్ స్వర్ణం గెలిచింది. జర్నైల్‌ను ముందుకు పంపమని అభిమానుల్లో ఎవరైనా ముందుగా అడిగి ఉంటారా? అనుమానమే.

మళ్లీ 1982కు. ఆ జులై 5న బార్సిలోనాలోని సార్రియా స్టేడియంలో రెండు దేశాల ఎంపిక తగాదాలు ఎదురెదురుగా నిలబడ్డాయి. ఇటలీలో కోచ్ బెయర్జోత్‌ను పత్రికలు చీల్చి చెండాడుతున్నాయి. లీగ్‌లో అత్యధిక గోల్స్ చేసిన ప్రుజ్జోను ఇంట్లో వదిలి, మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో రెండేళ్ల నిషేధం ఏప్రిల్ చివర్లోనే ముగించుకుని వచ్చిన పావ్లో రోసీని తెచ్చాడు. మొదటి గ్రూపులో మూడూ డ్రాలే. ఆటగాళ్లు విలేకరులతో మాట్లాడటం మానేశారు. నాలుగు మ్యాచ్‌లు అయినా రోసీ ఒక్క గోల్ చేయలేదు. బ్రెజిల్‌కు డ్రా చాలు.

అయిదో నిమిషంలో ఇటలీ ఎడమ బ్యాక్ కబ్రిని తీరిగ్గా ముందుకొచ్చి బంతిని గోల్ ముందుకు వేశాడు. రోసీ తలతో కొట్టాడు. కబ్రిని నిలబడింది బ్రెజిల్ కుడివైపున, జే ద గలేరా నెలల తరబడి ఫోనులో చెప్పిన ఆ ఖాళీలో. వింగర్ ఉంటే కబ్రిని అంత ముందుకు వచ్చేవాడు కాదని ప్రమాణం చేసి చెప్పలేను. తరువాతి రెండు గోల్స్‌కు ఆ ఖాళీతో సంబంధం లేదు. ఒకటి సెరెజో పరాకుగా వేసిన పాస్, మరొకటి కార్నర్. 3-2తో బ్రెజిల్ ఓడింది. రోసీ మొత్తం ఆరు గోల్స్‌తో టోర్నీ టాప్ స్కోరర్ అయ్యాడు, ప్రుజ్జో పేరెత్తినవాడు లేడు.

నాలుగేళ్లకు మళ్లీ టెలేయే కోచ్. ఈసారి చేతిలో నిఖార్సైన కుడి వింగర్ రెనాటో గావుషో ఉన్నాడు. శిక్షణ శిబిరానికి రాత్రి ఆలస్యంగా తిరిగొచ్చాడని టెలే అతన్ని జట్టునుంచి తీసేశాడు. స్నేహితుడికి జరిగింది అన్యాయమని కుడి బ్యాక్ లియాండ్రో విమానం ఎక్కనన్నాడు. కుడివైపు వింగర్ పోయి, బ్యాక్ కూడా పోయాడు. ఆ సందులో అంతవరకు దేశం తరఫున ఒక్క మ్యాచ్ కూడా ఆడని జోసిమార్ మెక్సికో చేరాడు. ఉత్తర ఐర్లండ్ మీద మొదటి మ్యాచ్ ఆడుతూ దూరంనుంచి పేల్చినట్టు కొట్టాడు, బంతి పై మూలలోకి వెళ్లింది. తరువాతి మ్యాచ్‌లో పోలండ్ మీద ఇంకొకటి. రెండూ కుడివైపునుంచే.