స్కూటర్ వంచుడు సంప్రదాయాన్ని కాపాడుకుందాం

ఈమధ్య కొందరు అతితెలివి మనుషులు బయల్దేరారు. పొద్దున్నే పాత బజాజ్ చేతక్ స్కూటర్ స్టార్ట్ కాకపోతే దాన్ని వంచరు, తిట్టరు, పక్కింటాయన్ని పిలవరు. నేరుగా నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు విప్పే పానా పట్టుకుని ఇంజను వైపు మూత తెరుస్తారు. పది నిమిషాల్లో బండెక్కి వెళ్లిపోతారు కూడా. ఇదిలాగే సాగితే కాలనీలో సలహాలిచ్చే పెద్దమనుషులు ఏమైపోవాలి? నలుగురూ కలిసి తోసే ఐకమత్యం ఎక్కడ మిగలాలి?

1972లో వచ్చిన బండి ఇది. బుక్ చేసుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసి కొన్న జాతి మనది. గాయపడ్డ రాణా ప్రతాప్‌ను మోసుకెళ్లిన గుర్రం పేరు దానికి పెట్టారు. అంతటి వంశంలో పుట్టింది, గేటు దాటడానికి కాస్త బతిమాలించుకోదా? ఒక పక్కకు వంచి, రెండు క్షణాలు ఆపి, నిలబెట్టి, కిక్కు కొట్టడం మనవాళ్లు తరతరాలుగా పాటిస్తున్న మర్యాద.

దురదృష్టం ఏమిటంటే ఈ మర్యాదలో కొంత సైన్సు కూడా ఉంది. పెట్రోలును గాలితో కలిపే కార్బొరేటర్‌లో పెట్రోలు ఒక మట్టానికి చేరగానే ఫ్లోట్ అనే తేలుడు బుడ్డి పైకి లేచి, దానికున్న సూది దారి మూసేస్తుంది. బండి వంచితే ఆ మట్టం తప్పుతుంది. సూది అతుక్కుని ఉంటే ఊడొస్తుంది, నాలుగు చుక్కలు అదనంగా ఇంజన్లోకి జారతాయి. చల్లటి ఇంజనుకు కావలసింది కూడా పెట్రోలు ఎక్కువున్న ఆ చిక్కటి మిశ్రమమే. సరిగ్గా ఇదే పనికి కంపెనీవాళ్లు చోక్ అనే పుల్లొకటి పెట్టారు. చాలా బండ్లలో అది లాగితే బయటికొస్తుంది, లోపల చోక్ మాత్రం కదలదు, తీగ ఎప్పుడో బిగుసుకుపోయి ఉంటుంది. తీగ మార్చుకుంటే వంచాల్సిన పనే ఉండదు. అందుకే సంప్రదాయవాదులెవరూ మార్చరు.

మూడుసార్లు వంచి, పాతిక కిక్కులు కొట్టాక పెట్రోలు వాసన గుప్పుమంటుంది. ఇక్కడ మన శాస్త్రం ఇంకా గట్టిగా కొట్టమంటుంది. తిరుగుబాటుదారుల పద్ధతి వేరు: పెట్రోల్ కాక్ (ట్యాంకు కింది కుళాయి) కట్టేసి, చోక్ లోపలికి నొక్కేసి, ఎక్సలేటర్ పూర్తిగా తిప్పి ఆరేడు కిక్కులు కొడతారు. పేరుకున్న పెట్రోలు బయటికి పోతుంది. అప్పటికీ కాకపోతే ప్లగ్గు విప్పి తుడిచి, ఇంజను లోపలి తడి ఎగిరిపోయేలా ఇంకో నాలుగు కిక్కులు కొట్టి, ఆరిన ప్లగ్గు బిగిస్తారు. ఏడెనిమిది నిమిషాల పని. చొక్కా చెమటతో తడవకపోతే పొద్దుటి వ్యాయామం మాటేమిటని ఒక్కరూ ఆలోచించరు.

ప్లగ్గు విప్పడం మీద మాకు మరీ అభ్యంతరం. దాని మొహం చూస్తే ఇంటి గుట్టంతా బయటపడుతుంది. కొన మట్టిరంగులో ఉంటే అంతా బాగున్నట్టు. పొడిగా నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పోతోంది, లేదా ఎయిర్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయింది. తెల్లగా పాలిపోయి ఉంటే పెట్రోలు చాలట్లేదు. నల్లగా, తడిగా, జిడ్డుగా ఉంటే యజమాని ఉదారస్వభావుడు: లీటరు పెట్రోలుకు 20 మి.లీ. టూటీ ఆయిల్ (ఇంజను అరగకుండా కలిపే నూనె) సరిపోయేచోట, ఇంజను చల్లగా ఉంటుందని 50 పోస్తున్నాడు. ఇలాంటివారి వల్లే మున్సిపాలిటీకి దోమల పొగ ఖర్చు తగ్గుతోందని మరువరాదు. కొన్నిసార్లు రెండు కొనల మధ్య కార్బన్ పోచ ఒకటి వంతెనలా అడ్డం పడి ఉంటుంది, వెంట్రుకంత సన్నం. దాంతో కరెంటు దూకకుండానే దాటిపోతుంది, నిప్పురవ్వ పుట్టదు. గోటితో గీకితే పోతుంది. ఆ పోచ కోసం మెకానిక్ షాపు దాకా బండి తోసుకెళ్లిన మహానుభావులకు వందనం.

శుభ్రం చేశాక రెండు కొనల మధ్య ఎడం 0.6 మి.మీ. ఉండాలి. గేజి లేకపోతే హాక్సా బ్లేడు వీపు దూర్చి చూడొచ్చు, మందం దాదాపు అంతే. తర్వాత ప్లగ్గును కరెంటు తీగ చివరి క్యాపులో పెట్టి, దాని ఒంటిని ఇంజను రెక్కలకు ఆనించి కిక్కు కొట్టాలి. ప్లగ్గు రంధ్రానికి మాత్రం దూరంగా, ఎందుకంటే అక్కణ్నుంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంది. నీలంగా, టప్పుమంటూ రవ్వ వస్తే కరెంటు బాగున్నట్టే. పసుపు పచ్చగా నీరసంగా వస్తే ముందు కొత్త ప్లగ్గు, ఆ తర్వాత క్యాపు. పాయింట్ల (కరెంటును కలిపి తెంచే జంట కొనలు) మోడలైతే పాయింట్లు మాడాయేమో చూడాలి. శుభ్రం చేసిన కొన్నాళ్లకే మళ్లీ మాడితే తప్పు వాటిని మాడకుండా కాపాడే కండెన్సర్‌ది.

కరెంటు ఉంది, ప్లగ్గు మాత్రం ఎన్ని కిక్కులు కొట్టినా ఎండిపోయే ఉందంటే పెట్రోలు రావట్లేదు. కాక్ రిజర్వులో పెట్టి చూడటం ఎవరికైనా తెలుసు, కానీ ట్యాంకు మూతకు సన్నటి గాలిరంధ్రం ఉంటుందని చాలామందికి తెలియదు. అది దుమ్ముతో పూడితే బండి స్టార్టయి, కాస్త దూరం వెళ్లి ఆగిపోతుంది. మూత తెరవగానే బుస్సుమని శబ్దం వస్తే దొంగ దొరికినట్టే. ఇక స్లో జెట్, అంటే ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు పెట్రోలు అందించే కార్బొరేటర్‌లోని సన్నటి రంధ్రం. చోక్ లాగితే నడిచి, నొక్కగానే చచ్చిపోయే బండికి రోగం అక్కడుంటుంది. దాన్ని పిన్నీసుతో పొడవడం మన ఆచారం. ఇత్తడి రంధ్రం వెడల్పయి, ఆపైన బండి జీవితాంతం పెట్రోలు తాగుతుంది. గాలి కొట్టి, పెట్రోలుతో కడిగితే చాలు.

రాత్రి కాక్ కట్టకుండా నిలిపితే పెట్రోలు ఆవిరై, అందులోని ఆయిల్ జెట్లలో జిగురులా మిగులుతుంది. కార్బొరేటర్‌లోది ఖర్చయిపోయేలా, ఇల్లు ఇంకో రెండొందల మీటర్లుందనగా కాక్ కట్టేయడం పిసినారితనం కాదన్నమాట. ఇప్పుడు బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు వస్తోంది. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది. నెల్లాళ్లు మూలనున్న బండిలో ఆ పాత పెట్రోలుతో కుస్తీ పట్టడం కంటే తీసేసి కొత్తది పోయడం మేలు.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా రోజూ వంచితేగానీ లేవని బండి ఉంటుంది చూశారా, మా సంప్రదాయానికి అసలైన పట్టుగొమ్మ అదే. దానికి మ్యాగ్నెట్ (కరెంటు పుట్టించే చక్రం) వైపు ఆయిల్ సీలు పోయి ఉండొచ్చు. టూ స్ట్రోక్ ఇంజన్లో పెట్రోలు మిశ్రమం పిస్టన్ కిందుండే క్రాంక్ గదిలో నొక్కుకుని పైకెక్కాలి. సీలు కారితే దొంగగాలి దూరుతుంది, మిశ్రమం పలచబడుతుంది. వంచినప్పుడు జారే చుక్కలు ఆ పలచదనాన్ని కాసేపు కప్పిపుచ్చుతాయి. ఎక్సలేటర్ వదిలినా ఇంజను తనంతట తాను గీపెడుతోందంటే అనుమానం బలపడినట్టే. క్లచ్ వైపు సీలు పోతే గేరు ఆయిలే లోపలికి పోయి తెల్లపొగ కమ్ముతుంది, గేరుబాక్సులో ఆయిల్ తగ్గుతుంది. సీలు ధర తక్కువే, ఇంజను దించి విప్పే కూలే ఎక్కువ. కాబట్టి వంచుతూనే ఉంటాం.

కొత్త తరం స్కూటర్లు మన సంస్కృతికి మరీ ద్రోహం చేశాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్ 6 అనే కాలుష్య నిబంధన వచ్చాక కార్బొరేటర్ పోయి, పంపుతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ వచ్చింది. వంచితే ఒరిగే చుక్కే లేదు. తాళం తిప్పగానే పంపు రెండు క్షణాలు సన్నగా మూలుగుతుంది, అది ఆగాక బ్రేకు పట్టుకుని సెల్ఫ్ నొక్కాలి. మూలుగు వినపడకపోతే బ్యాటరీ, ఫ్యూజు చూడాలి. బ్యాటరీ పూర్తిగా పడుకుంటే పంపుకు కరెంటుండదు కనుక కిక్కు కొట్టినా ఫలితం ఉండకపోవచ్చు. కొన్నింటికి సైడు స్టాండు వేసి ఉంటే ఇంజను అందుకోదు. అయినా పక్కింటాయన గేటు మీద చెయ్యేసి, "ఓసారి వంచి చూడవయ్యా" అనక మానడు. కొన్ని బండ్లలో ఒరిగితే ఇంజను ఆపేసే సెన్సరుంటుంది. ఆయన మాట విని బాగా వంచితే అది పడిపోయాననుకుని మొరాయిస్తుంది. తాళం ఒకసారి కట్టేసి మళ్లీ తిప్పితే సర్దుకుంటుంది, బండి స్టార్టవుతుంది. ఆ ఖ్యాతి వంచమన్నాయనకే దక్కుతుంది.