మా స్నానాల శాఖ, డాలస్

నవంబరు మొదటి ఆదివారం అమెరికాలో దాదాపు అన్ని చోట్లా గడియారాలు గంట వెనక్కి తిప్పుతారు. పెద్ద దేశం, వాళ్ళ గడియారాలు, వాళ్ళ ఇష్టం. మనకేం అభ్యంతరం? ఆ మర్నాడు, సోమవారం పొద్దున ఆరింటికి, కావలిలో ట్రంకు రోడ్డుకి రెండు వీధుల ఇవతల, నేను తువ్వాలు చుట్టుకుని మా బాత్‌రూంలో గీజరు కింద నిలబడి ఉన్నాను. గీజరు లేవలేదు. ఏడింటికి లేచింది. మంగళవారం కూడా ఏడింటికే లేచింది.

విచారణలో తేలిందేమిటంటే, మా గీజరు ఎప్పుడు వెలగాలో చెప్పేది మా అబ్బాయి ఫోను. ఆ ఫోను కాపురం అమెరికాలో, టెక్సాస్ రాష్ట్రం డాలస్‌లో. అక్కడ సాయంత్రం ఏడున్నర అయితే ఇక్కడ పొద్దున ఆరు అని వాడు ఎండాకాలంలో లెక్కగట్టి పెట్టాడు. వాళ్ళు గడియారం వెనక్కి తిప్పగానే అక్కడి ఏడున్నర ఇక్కడ ఏడైంది. అమెరికా నిర్ణయాల ప్రభావం ప్రపంచమంతా ఉంటుందని పేపర్లో చదువుతూనే ఉన్నాను గానీ, అది నా వీపు దాకా వస్తుందనుకోలేదు.

ఇది మా ఒక్క ఇంటి భాగోతం కాదని నాకు తెలుసు. మీ వీధిలోనూ ఒక ముసలి జంట ఉంటుంది, వాళ్ళకీ బయటి దేశంలో ఒక శాఖాధిపతి ఉంటాడు. కొందరికి ఏసీల శాఖ, కొందరికి గేటు తాళాల శాఖ. మాకు స్నానాల శాఖ.

పాత గీజరు పోయినప్పుడు మొదలైంది ఇదంతా. పోయిందంటే పెద్దగా ఏం పోలేదు, ఎలిమెంటు పోయింది. మా బోరు నీళ్ళ సంగతి ఈ చుట్టుపక్కల వాళ్ళకి చెప్పక్కర్లేదు. సబ్బు నురగ రావాలంటే బతిమాలుకోవాలి. బకెట్ అంచున తెల్లగా గట్టిపడే సున్నమే లోపల ఎలిమెంటు మీదా పొరలు పొరలుగా పట్టి, వేడిని నీళ్ళకి చేరనివ్వదు. చివరికి అది తన వేడికి తానే మాడిపోతుంది. ఎలక్ట్రీషియన్ కుర్రాడు విప్పి చూసి, "కొత్త ఎలిమెంటు వేస్తే సరిపోద్ది సార్, 600 అవుద్ది" అన్నాడు.

ఆ మాట విని వేయించుకుని ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. ఆదివారం వీడియో కాల్‌లో నోరు జారాను.

మర్నాటికి ఎక్సెల్ షీటు వచ్చింది. ఫ్యామిలీ గ్రూపులో మావాడు, కోడలు, బెంగళూరులో ఉన్న అల్లుడు, ఒంగోలులో ఉన్న వియ్యంకుడు కలిసి చర్చించారు. నీళ్ళు పోసుకునేది నేను కాబట్టి నాకు ఓటు లేదు.

చర్చ స్థాయి తక్కువేం కాదు, ఆ మాట ఒప్పుకోవాలి. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు అన్నారు. మా పాత వైరింగు 13 ఆంపియర్లు మొయ్యలేదని తేలింది. మేడ మీద సోలారు అన్నారు. నెల్లూరు జిల్లాలో వేన్నీళ్ళు కావలసిందే ఈశాన్య రుతుపవనాల ముసురు రోజుల్లో. అప్పుడు సూర్యుడు సెలవులో ఉంటాడు. ఎండాకాలం మాత్రం సోలారు దివ్యంగా పనిచేస్తుంది. కాకపోతే రోహిణి కార్తెలో మధ్యాహ్నం మా నల్ల ట్యాంకు కొళాయి తిప్పితే ఆ నీళ్ళలో చెయ్యి పెట్టలేం, అందులో టీ పొడి వేసుకోవడమే తరవాయి. వేన్నీళ్ళకి చన్నీళ్ళు తోడంటారు. మాకు ఏడాదిలో మూడు నెలలు తోడెయ్యడానికి చన్నీళ్ళే దొరకవు. షీటులో ఆ గడి లేదు.

తర్వాత స్టార్లు. నేను 31 ఏళ్ళు హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్పాను. మావాడికీ చెప్పాను, తొమ్మిదో తరగతిలో. లీటరు నీళ్ళని ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే శక్తి దేవుడు పెట్టిన ధర, ఏ కంపెనీ డబ్బాకీ అందులో డిస్కౌంటు లేదు. గీజరు మీద స్టార్లు చెప్పేది, కాగిన నీళ్ళు ఊరికే నిలవుంటే ఎంత వేడి కారిపోతుందన్న సంగతి. 15 లీటర్లు 25 డిగ్రీల నుంచి 60కి కాగాలంటే 0.6 యూనిట్, 2 కిలోవాట్ల గీజరుకి ఇరవై నిమిషాల పని. కాగిన వెంటనే స్విచ్ కట్టేసి పోసేసుకునే వాళ్ళకి మూడు స్టార్లైనా అయిదు స్టార్లైనా ఒకటే. ఇదంతా గ్రూపులో రాశాను. అల్లుడు బొటనవేలు పెట్టాడు. ఫోనుతో నడిచే అయిదు స్టార్ల గీజరు 14 వేలకి బుక్ అయిపోయింది.

ఇక శాఖ పనితీరు. పొద్దున 6 నుంచి 6:40 దాకా స్నానకాలం. ఆ తర్వాత ఎవరైనా వాడితే డాలస్‌లో ఫోను మోగుతుంది. గీజరు మీద బొత్తం ఉంది గానీ దానికి చైల్డ్ లాక్ వేశారు. నా వయసు 68. మా జిల్లాలోనే, నేలటూరు థర్మల్ కరెంటు కేంద్రంలో, 800 మెగావాట్ల యూనిట్లు మూడున్నాయి. మా ఇంట్లో 2 కిలోవాట్లు వెలగడానికి టెక్సాస్ అనుమతి కావాలి.

డిసెంబరులో ఒక రోజు, ఆరింటికి ముందు కరెంటు పోయి ఆరున్నరకి వచ్చింది. గీజరుకి మిగిలింది పది నిమిషాలు. మొదటి రెండు చెంబులు గోరువెచ్చగా తగిలాయి, ఆ ధైర్యంతో తలకీ ఒంటికీ సబ్బు పెట్టాను. ఈలోగా శాఖ డ్యూటీ దిగిపోయింది. మా ఆవిడ తలుపు సందులోంచి ఫోను లోపలికి చాపింది. డాలస్‌లో ఇంకా నిన్న సాయంత్రం.

"నాయనా, గీజరు మీద లైటు ఏం రంగులో ఉండాది?"

"కళ్ళలో సబ్బు ఉండాదిరా."

"నీలమా, ఎరుపా?"

మా ఆవిడ మెడ లోపలికి పెట్టి చూసి, "నీలమే అబ్బయ్యా, మిణుకు మిణుకుమంటా ఉండాది" అంది.

"అయితే వైఫై తెగిందమ్మా. హాల్లో రౌటరు కట్టేసి, ముప్పై లెక్కపెట్టి, మళ్ళీ వెయ్యి."

ఆవిడ వెళ్ళి రౌటరు కట్టేసింది. ఫోను మాట్లాడేదీ ఆ రౌటరు మీదే కాబట్టి కాల్ తెగింది. ఆ సంగతి తెలియక ఆవిడ ఫోనుకి వినపడేలా గట్టిగా ముప్పై దాకా లెక్కపెట్టింది. రౌటరు తేరుకోవడానికి నాలుగు నిమిషాలు. సబ్బు ఆరి నా చర్మం అప్పడంలా బిగుసుకుంటోంది. కాల్ మళ్ళీ కలిసింది. ఇప్పుడు యాప్ ఓటీపీ అడుగుతోందిట. ఓటీపీ నా ఫోనుకి వస్తుంది. నా ఫోను పడగ్గదిలో దిండు కింద. ఆవిడ మోకాళ్ళు పట్టుకుని వెళ్ళి తెచ్చి, ఆరంకెలూ చదివింది. అవతల గోల, మావాడికి సగం వినపడలేదు. రెండోసారి చదివేసరికి ఓటీపీ గడువైపోయింది.

"ఏందిరా ఆ గోల?" అన్నాను, ఒక కన్ను మూసుకుని.

పాపని ఈతకి తెచ్చాడట. ఫోను తిప్పి చూపించాడు. నీలంగా పెద్ద కొలను, పిల్లల కేరింతలు. "ఈ చలిలో పిల్లని నీళ్ళలో దించావా!" అని మా ఆవిడ కంగారు పడింది. "ఏం కాదమ్మా, వేడి నీళ్ళే. కొలను మొత్తం వేడి చేసే ఉంచుతారు."

కొలను మొత్తం. నేను తువ్వాలుతో, నెత్తిన సబ్బుతో, 15 లీటర్ల దగ్గర నిలబడి ఆ మాట విన్నాను. తర్వాత కొళాయి తిప్పి చన్నీళ్ళు కుమ్మరించుకున్నాను. బోరు నీళ్ళు కదా, సబ్బు అలాగే ఉంది.

ఆ మహానుభావుడి ఇంట్లో గ్యారేజీ మూల నిలువెత్తు డ్రమ్ముంది. 50 గ్యాలన్లు, మన లెక్కలో 190 లీటర్లు. ఇంట్లో మనుషులున్నా లేకున్నా అది రాత్రింబవళ్ళు వేడిగానే ఉంటుంది. మొన్న సెలవులకి వాళ్ళు ఇక్కడికొచ్చిన మూడు వారాలూ అది అక్కడ ఎవరి కోసమో కాగుతూనే ఉంది. రాత్రి తొమ్మిది దాటితే కరెంటు ఉచితమనే ప్లానొకటి ఉందట వాడికి, అందుకని బట్టలు, గిన్నెలు అన్నీ రాత్రే. మమ్మల్ని కూడా రాత్రి స్నానం చెయ్యమన్నాడొకసారి. మా మీటరుకి రాత్రీ పగలూ తేడా తెలీదు నాయనా అని చెప్పాను.

మా బిల్లు నేనే చదువుతాను. 2022లో వచ్చిన శ్లాబుల్లో మొదటి 30 యూనిట్లకి 1.90, 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75 రూపాయలు. ఇవి కాక, ఎప్పుడో వాడేసిన కరెంటుకి ఇప్పుడు సర్దుబాటు ఛార్జీ. రెండేళ్ళ కిందట తిన్న ఇడ్లీకి ఇవాళ చట్నీ డబ్బులు అడిగినట్టు. సరే, ఇద్దరి స్నానాలకి నెలకి 37 యూనిట్లు. ఆరు రూపాయల శ్లాబులో వేసుకున్నా 222 రూపాయలు.

ఇప్పుడు రెండో లెక్క. మేం క్షేమంగా ఉన్నామా లేదా అని చూడ్డానికి మావాడు నాలుగు కెమెరాలు పెట్టించాడు, వాటికో రికార్డరు, వీటన్నిటికీ రౌటరు. అంతా కలిపి 45 వాట్లు. ఇరవై నాలుగు గంటలు, ముప్పై రోజులు: 32 యూనిట్లు. మేం స్నానం చెయ్యడానికి 37, మేం స్నానం చేశామని డాలస్‌కి తెలియడానికి 32. ఈ 32 ఏ యాప్‌లోనూ కనపడవు. గ్రూపులో ఇదీ రాశాను. ఈసారి బొటనవేలు కూడా రాలేదు.

సబ్బు సంఘటన తర్వాత శాఖ ఉదారంగా చైల్డ్ లాక్ తీసేసింది. మెసేజ్ మాత్రం పోతుంది. నెలాఖరుకి నివేదిక వచ్చింది: గత నెల కన్నా 24 శాతం ఆదా, పక్కన పచ్చటి ఆకు బొమ్మ. మావాడు దాన్ని గ్రూపులో పెట్టి "సూపర్ అమ్మా" అన్నాడు. నేనూ మురిశాను. నా పొదుపే అనుకున్నాను.

వైకుంఠ ఏకాదశి వెళ్ళాక మా ఆవిడకి దగ్గు పట్టుకుంది. మోకాళ్ళు వాచాయి. డాక్టరు దగ్గరికి వెళ్ళే ఆటోలో అడిగితే అప్పుడు చెప్పింది. ధనుర్మాసం కదా, నాలుగున్నరకి స్నానం చేసి దీపం పెట్టుకుంటుంది. మొదటి రోజు గీజరు వేసింది. మెసేజ్ పోయింది. డాలస్‌లో సాయంత్రం అయిదు, మావాడు మీటింగు మధ్యలోంచి ఫోన్ చేసి "అమ్మా, పొరపాటున నొక్కావా?" అన్నాడు. "అవునబ్బయ్యా, పొరపాటే" అంది. ఆ మర్నాటి నుంచి చన్నీళ్ళు. ఇరవై రెండు రోజులు.

"పన్లో ఉంటాడు గదండీ, ఊరికే ఎందుకు కంగారు పెట్టడం" అంది.

అరవై నాలుగేళ్ళ మనిషి, రెండు మోకాళ్ళూ అరిగిన మనిషి, చీకటితో చన్నీళ్ళు పోసుకుంటే దాని పక్కన ఆకు బొమ్మ పెడతారా? ఒరే, నీకు కాగులో నీళ్ళు కాచి, ప్రతి చెంబూ మోచేత్తో వేడి చూసి పోసిన మనిషిరా ఆవిడ. ఒక్కరోజు గీజరు ఎక్కువ వెలిగితే మీటింగులోంచి లేచొచ్చావే, ఇరవై రెండు రోజులు వెలక్కపోతే ఏంది అని ఒక్కసారి ఎందుకు అడగలేదు? 2021 ఫిబ్రవరిలో మీ టెక్సాస్‌లో మంచు తుఫాను వచ్చి కరెంటు పోయినప్పుడు, హోల్‌సేల్ మార్కెట్లో యూనిట్ 9 డాలర్ల దాకా పోయి కొందరికి వేల డాలర్ల బిల్లులొచ్చినప్పుడు, నువ్వెన్ని యూనిట్లు కాల్చావని మేం అడిగామా? తిన్నావా, పిల్లకి దుప్పటి కప్పావా అని అడిగాం. నాలుగు రాత్రులు ఇక్కడ ఇద్దరం మేలుకునే ఉన్నాం. నిన్నొక్కణ్ణే అని ఏం లాభం, నేను ఆ పక్క మంచం మీదే పడుకుని ఉన్నాను. నాకు దగ్గు వినపడింది. ఆకు చూసి మురిశాను.

ఇంటికొచ్చాక ఎలక్ట్రీషియన్ కుర్రాణ్ణి పిలిచాను. అటక మీదున్న పాత గీజరు దించి, ఎలిమెంటు మార్చి, మామూలు స్విచ్ పెట్టి గోడకి ఎక్కించాడు. ఎలిమెంటు ధర పెరగలేదు, 600. కొత్తదాన్ని ఏం చేద్దాం సార్ అన్నాడు. ఉండనీ అన్నాను. ఇప్పుడు మా బాత్‌రూంలో రెండు గీజర్లు పక్కపక్కన ఉన్నాయి. ఒకటి నీళ్ళు కాస్తుంది. రెండోదానికి నీళ్ళ కనెక్షన్ లేదు, ఎలిమెంటుకి కరెంటు లేదు, నీలం లైటు వెలిగించుకుని డాలస్‌కి జవాబు చెబుతూ ఉంటుంది.

నిన్న నివేదిక వచ్చింది. ఈ నెల వినియోగం సున్నా, ఆదా వంద శాతం, ఈసారి మూడు ఆకులు. మావాడు గ్రూపులో పెట్టాడు. అల్లుడు బొటనవేలు పెట్టాడు. ఒంగోలు నుంచి వియ్యంకుడు గారు, "బావగారూ, అద్భుతం! మేమూ ఇదే తీసుకుంటాం. ఎవరి దగ్గర కొన్నారు?" అని అడిగారు.

ఎలక్ట్రీషియన్ కుర్రాడి నంబరు పంపించాను.