ఫిజిక్స్ చదివినవాళ్లకు గేటు తెరవండి

ఎమ్మెస్సీ ఫిజిక్స్ అయిపోయిన అమ్మాయిని చుట్టాలు మొదట అడిగేది ఒకటే: "బీఈడీ చేస్తావా, సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటావా?" మూడో దారి ఉందని చాలా కాలేజీల్లోనూ చెప్పేవాళ్లు లేరు.

క్యాన్సర్ ఆస్పత్రిలో పొద్దున్నే, ఇంకా రోగులను లోపలికి పిలవకముందే, ఒకరు రేడియేషన్ మిషన్ దగ్గరికి వెళ్తారు. మనిషి పడుకోవాల్సిన బల్ల మీద ప్లాస్టిక్ పలకలు పేర్చి, మధ్యలో చిన్న డిటెక్టర్ పెట్టి, బీమ్ వదులుతారు. మోతాదు సరిగ్గా వస్తోందా లేదా చూస్తారు. తేడా హద్దు దాటితే కారణం తేలేదాకా చికిత్స ఆగాల్సిందే. ఆ పని చేసేది డాక్టరు కాదు, ఫిజిక్స్ చదివి వచ్చిన మెడికల్ ఫిజిసిస్టు. వాళ్లు లేకుండా రేడియోథెరపీ నడపడానికి అణుశక్తి నియంత్రణ మండలి ఒప్పుకోదు. నిబంధనలో రాసి ఉంది కాబట్టే ఆ కుర్చీ వాళ్లకు దక్కింది.

మిగతా చోట్ల అలా రాసి లేదు. ఫిజిక్స్ వాళ్ల బాధ అదే. 1947లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో, నేటి చిప్పులకు మూలమైన మొదటి ట్రాన్సిస్టర్ చేసిన బార్డీన్, బ్రాటెయిన్ ఇద్దరూ ఫిజిక్స్ వాళ్లే. నేటి అత్యాధునిక చిప్పుల మీద గీతలు వేసే 13.5 నానోమీటర్ల తరంగదైర్ఘ్యమున్న కాంతి, సెకనుకు 50 వేల తగరపు చుక్కలను లేజర్‌తో కొడితే పుడుతోంది. ఇందులో ఆప్టిక్స్, ప్లాస్మా, వాక్యూమ్ కాక ఇంకేముంది? అయినా ఉద్యోగ ప్రకటనల్లో అర్హత దగ్గరికొచ్చేసరికి చాలాసార్లు బీటెక్ అనే ఉంటుంది. ఎమ్మెస్సీ పిల్లల దరఖాస్తు ఎవరూ చదవకుండానే పక్కకు పోతుంది.

తప్పు కంపెనీలది మాత్రమే కాదు. వాక్యూమ్ పంపు ఒక్కసారీ విప్పి చూడకుండా, పాత రికార్డు చూసి రీడింగులు రాసి పట్టా తీసుకున్నవాళ్లను ఏ కంపెనీ మాత్రం నమ్ముతుంది? హైదరాబాద్‌లోనే ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఈసీఐఎల్, అణు ఇంధనం తయారుచేసే ఎన్ఎఫ్‌సీ, పదార్థాల పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ ఉన్నాయి. చివరి సెమిస్టర్‌ను యూనివర్సిటీలు అలాంటి చోట్ల పెట్టించాలి.

2023లో కేంద్రం, క్వాంటమ్ ఫిజిక్స్ ఆధారంగా కంప్యూటర్లు, సెన్సర్లు తయారుచేసే క్వాంటమ్ మిషన్‌కు 6 వేల కోట్లకు పైగా కేటాయించింది. అమరావతిలో ఆ రంగం కంపెనీల కోసం క్వాంటమ్ వ్యాలీ అంటున్నారు. భూములు, రాయితీలు ఇచ్చేటప్పుడే ప్రభుత్వాలు ఒక షరతు పెట్టాలి: అర్హతల్లో ఎమ్మెస్సీ ఫిజిక్స్ ఉండాలి, స్టైపెండ్‌తో ఏడాది అప్రెంటిస్‌షిప్ ఇవ్వాలి. ఒప్పందం మీద సంతకాలు పడ్డాక అడిగితే ఎవరూ వినరు.